నాచారం టోపీలు, ఉప్పల్ ఎండ

తెనాలిలో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే దుకాణం మాది. కిరీటాలకూ గదలకూ మా దగ్గర ఏనాడూ కొదవ లేదు. టోపీల దగ్గరే ఎప్పుడూ ఇబ్బంది. ఈ వేసవిలో ఒక నాటక సమాజం వాళ్ళు కాలవ తవ్వకం మీద నాటకం వేస్తూ, అందులో తెల్లదొరలందరికీ గడ్డిటోపీలు కావాలన్నారు. ఊళ్ళో దొరికేవి గుడ్డటోపీలు, ప్లాస్టిక్ టోపీలు. అట్ట కోసి రంగు వేద్దామంటే దర్శకుడు ఒప్పుకోలేదు. సినిమాలకు సామాను అందించే ఒకాయన, హైదరాబాదులో నాచారం వైపు సత్తయ్య అనే మనిషి అచ్చమైన గడ్డిటోపీలు కుడతాడని చెప్పాడు. మా అక్కయ్య ఉండేది ఆ దగ్గర్లోనే, చిల్కానగర్‌లో. ఇంకేం, బయల్దేరాను.

హైదరాబాదు వెళ్ళొచ్చినవాళ్ళు చార్మినారు గురించీ గోల్కొండ గురించీ చెబుతారు. నేను అవేవీ చూడలేదు. నేను చూసింది ఊరికి తూర్పు పక్కన ఒక రోడ్డు, ఒక రేకుల షెడ్డు, కొన్ని తలలు. వాటి గురించే చెబుతాను.

ఘట్‌కేసర్

రైలు ఘట్‌కేసర్‌లో ఆగి మరి కదల్లేదు. సిగ్నల్ ఇవ్వలేదని కొందరు, ముందు స్టేషన్లో జనం పట్టాల మీద కూర్చున్నారని కొందరు అన్నారు. ప్రత్యేక రాష్ట్రం గొడవ ముదిరిన రోజులు కాబట్టి నాకు రెండోదే నిజమనిపించింది. ఇక్కణ్ణించి ఉప్పల్‌కు బస్సులుంటాయని పక్క సీటాయన చెప్పగానే సంచీ తీసుకుని దిగేశాను.

పొద్దున తొమ్మిది కూడా కాలేదు, ఎండ అప్పుడే నడినెత్తికి వచ్చినట్టుంది. మా కృష్ణా తీరపు ఎండకు చెమట పోస్తుంది. ఈ ఎండకు చెమట పట్టదు, ఒళ్ళు ఆరిపోతుంది. స్టేషన్ బయట ఒకామె తాటిముంజలు అమ్ముతోంది. డజను ఇరవై రూపాయలంది. బేరమాడితే ఒక ముంజ ఎక్కువ వేసింది గానీ రూపాయి తగ్గించలేదు.

"ఏ ఊరన్నా?" అంది.

"తెనాలమ్మా."

"ఆంధ్రానా! గీ ఎండల ఉత్త నెత్తితోని తిరుగుతున్నవ్, దవాఖానల పడ్తవ్. జర రుమాలన్న కట్టుకో."

టోపీల కోసం ఇంత దూరం వచ్చిన మనిషిని, నా తల మీద ఏమీ లేదన్న సంగతి నాకే తట్టలేదు. జేబురుమాలు తీసి నెత్తిన వేసుకుంటే ఆమె నవ్వింది. అమ్మకం అయిపోగానే గంప మీద సంచులు సర్ది, పాతగుడ్డను చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. రోడ్డు పొడుగునా అలాంటి గంపలే. నీళ్ళబిందెలు, కట్టెలమోపులు, ఇసకతట్టలు. బస్సు కిటికీలోంచి చూస్తూ వచ్చాను. బరువు మోసే తల మీద టోపీకి చోటెక్కడిది?

చిల్కానగర్

మా అక్కయ్య పేరు రాజ్యం. పెళ్ళయి ఇక్కడికి వచ్చి పదిహేనేళ్ళు దాటింది. బావగారు నాచారంలో ఒక మందుల కంపెనీలో గుమస్తా. ఇంట్లో మాట్లాడితే అచ్చం తెనాలి మనిషి. ఫోను మోగిందా, "ఆ అన్నా, జెప్పు అన్నా, గట్లనే జేద్దాం" అంటారు. ఫోను పెట్టెయ్యగానే మళ్ళీ "అదేవిటంటే బావమరిదీ" అని మొదలు.

"టోపీలు కొనడానికి వచ్చావా, పెట్టించుకోవడానికి వచ్చావా?" అన్నారు నన్ను చూడగానే. ఈ హాస్యం వస్తుందని రైల్లోనే అనుకున్నాను. ఎవణ్ణైనా మోసం చేస్తే టోపీ పెట్టాడంటాం. బాగా మోసం చేస్తే కుచ్చుటోపీ పెట్టాడంటాం. టోపీ మీద మన భాషకు మొదటినుంచీ సదభిప్రాయం లేదు.

నాటకాల్లోనూ అంతే. నా అనుభవంలో రంగస్థలం మీద టోపీ పెట్టుకునేది ఇద్దరే. ఒకడు దొర, రెండోవాడు నవ్వించేవాడు. రైతుకు తలపాగా ఇస్తాం, గుమస్తాకు ఏమీ ఇవ్వం, ఆడపాత్రకు కొంగు ఉండనే ఉంటుంది. ఆ మాటే చెబితే అక్కయ్య సొరకాయ కూర వడ్డిస్తూ, "ఇక్కడ దీన్ని ఆనిగెపుకాయ అంటారు తెలుసా? బండివాడి దగ్గర సొరకాయ అంటే పైనుంచి కిందికి చూస్తాడు" అంది. పేరు ఏదైనా కూరలో కారం మాత్రం తెనాలిదే.

నాచారం

మర్నాడు బావగారు కంపెనీకి పోతూ నన్ను నాచారంలో దించారు. పొడుగాటి ప్రహరీలు, మూతపడిన మిల్లు గేట్లు, వాటి ముందు పళ్ళ బళ్ళు. గాలి ఒక గేటు దగ్గర బిస్కెట్ల వాసన, ఇంకో గేటు దగ్గర ముక్కు మూసుకునే వాసన. ఒక సందు చివర రేకుల షెడ్డు. తలుపు తీయగానే తడిసిన ఆకుల వాసన వచ్చింది, వాన పడ్డ పాకలోకి వెళ్ళినట్టు.

సత్తయ్యకు యాభై దగ్గర పడ్డట్టుంది. సన్నటి మనిషి. జనగామ వైపు నుంచి మిల్లు పనికి వచ్చాడట. మిల్లు మూతపడ్డాక ఒక ముసలి సాయిబు దగ్గర టోపీలు కుట్టడం నేర్చుకున్నాడట. పేరుకు గడ్డిటోపీలే గానీ గడ్డి కాదు, ఈతాకు. ఘట్‌కేసర్ అవతలి ఊళ్ళలో ఆడవాళ్ళు ఈతాకును చీల్చి వేలెడు వెడల్పు పట్టీలుగా అల్లి చుట్టలు చుట్టి ఇస్తారు. సత్తయ్య ఆ పట్టీని నీళ్ళలో నానబెట్టి, మిషను మీద నడినెత్తి దగ్గర మొదలుపెట్టి, జంతిక చుట్టినట్టు గుండ్రంగా తిప్పుకుంటూ అంచు దాకా కుడతాడు. ఎక్కడా తుంచడు. తరవాత గంజి పట్టించి, తలకాయ ఆకారంలో చెక్కిన దిమ్మ మీద నొక్కి ఆరబెడతాడు. షెడ్డు నిండా అరల మీద టోపీలు, ఒకదాని మీద ఒకటి.

"సత్తయ్యగారూ, దొరల టోపీలు కావాలి" అన్నాను.

"గారు గీరు ఎందుకన్నా, సత్తయ్య అను సాలు" అన్నాడు. "ఏ దొర? మంచి దొరనా, బద్మాష్ దొరనా?"

"తేడా ఉంటుందా?"

"ఉంటది. మంచి దొరకు అంచు జర పైకి లేపుత. మొకం కనవడాలె గద. బద్మాష్ దొరకు కిందికి వంచుత."

మాకు ఇద్దరూ కావాలన్నాను. టోపీ నూటయాభై చొప్పున, నాలుగు రోజుల్లో ఇస్తానన్నాడు. క్రికెట్ మ్యాచ్ దగ్గరపడింది కాబట్టి చేతినిండా పని ఉందన్నాడు. ఉప్పల్ స్టేడియం దగ్గర అమ్మేవాళ్ళు రంగు రిబ్బన్లు చుట్టిన టోపీలు కట్టలు కట్టలు పట్టుకుపోతారట.

టీ తెప్పించాడు. టీతోపాటు కబుర్లు. గడ్డిటోపీ పూర్వాపరాలు నాకు మా నాన్నగారు చెప్పినవి కొన్ని, సత్తయ్య సినిమావాళ్ళ దగ్గర విన్నవి కొన్ని. రెండూ కలిపితే ఇంత తేలింది. పడమటి దేశాల్లో అది మొదట గోధుమ కోసే కూలివాడిది. కోసిన చేలోంచే నాలుగు పరకలు తీసి అల్లుకుని నెత్తిన పెట్టుకునేవాడు. తరవాతెప్పుడో పెద్దమనుషులు వేసవి షికార్లకు దాన్ని పెట్టుకోవడం మొదలుపెట్టారు. రిబ్బను చుట్టారు, అంచు దిద్దారు, ధర పెంచారు. మన దేశంలో ఓడ దిగేనాటికి అది కూలివాడి తలను దాటి దొర తలకు చేరిపోయింది. మనవాళ్ళు చూసింది ఆ తల మీదే. అందుకే మనకది ఎండకు కప్పుకునేది కాదు, హోదాకు పెట్టుకునేది. నిజానికి మా వైపు నాట్ల కాలంలో కూలీలు వానకు తాటాకు గిడుగులు కప్పుకుని వంగేవారు. అదీ ఆకే, ఇదీ ఆకే. కానీ గిడుగును టోపీ అని ఎవరూ అనలేదు. గిడుగు కప్పుకున్నవాణ్ణి దొరా అని ఎవరూ పిలవలేదు.

ఈ కబుర్లలో ఉండగా ఒకామె గడ్డిటోపీ పెట్టుకుని లోపలికి వచ్చింది. చీర ఎత్తి కట్టింది. జాకెట్టు మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంది. పాదాలకు ఎండిన బురద. టోపీ అంచు ఒకవైపు వంకర. కుట్టు తప్పిందని సత్తయ్య పక్కన పడేసిన టోపీ అట.

"గింత జల్ది ఒచ్చినవేంది?" అన్నాడు సత్తయ్య. అతని భార్య అనసూయ. ఉప్పల్ రోడ్డు మీద డివైడర్ మధ్య మొక్కలు నాటే పనిలో ఉంది.

"మేస్త్రీ పొమ్మన్నడు. టోపి తీస్తెనే పని అన్నడు. తియ్యనన్న."

సత్తయ్య మిషను ఆపాడు. "తీస్తె ఏం పోతుండె?"

"పోయిన ఎండలకు ఏమయిందో యాది లేదా నీకు?"

పోయిన వేసవిలో ఆమె అదే డివైడర్ మీద పడిపోయిందట. కళ్ళు తెరిచేసరికి దవాఖానాలో ఉంది. తరవాత వానలు పడేదాకా తల తిరుగుతూనే ఉండేదట. నాకు ఇదంతా ఆమే చెప్పింది, మొగుడి వైపు చూస్తూ.

"కొంగు కప్పుకో. అందరు కప్పుకుంటలేరా? ఆడిది టోపి వెట్టుకుని రోడ్డు మీద నిలవడితె నవ్వరా?"

"నువ్వు కుట్టుడు నవ్వులాట గాదు, నేను వెట్టుకునుడు నవ్వులాటనా?"

సత్తయ్య పట్టీని సూది కిందికి జరిపాడు. మిషను మళ్ళీ నడిచింది. ఆమె టోపీ తీసి మేకుకు తగిలించి, చుట్టూ ఉన్న వందల టోపీల మధ్య నీళ్ళు తాగి, వెనక ఉన్న ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఉప్పల్ రోడ్డు

టోపీలు తయారయ్యేదాకా నాకు పనిలేదు. మర్నాడు అక్కయ్య ఉప్పల్ మార్కెట్‌కు కూరల కోసం పంపింది. రింగురోడ్డు దగ్గర దిగేసరికి డివైడర్ మీద ఆడవాళ్ళు వరసగా వంగి గుంతలు తీస్తున్నారు. వరంగల్ బస్సులు, ఇసక లారీలు, ఆటోలు వాళ్ళకు జానెడు దూరంలో పోతున్నాయి. అందరి నెత్తినా కొంగులు. కొంగు ఎండను ఆపదు, ఎండలో ఉన్నామన్న సంగతిని మాత్రం కప్పుతుంది. వాళ్ళకు కొంచెం ఎడంగా, బస్‌స్టాపు నీడలో, టోపీ పెట్టుకుని అనసూయ కూర్చుని ఉంది.

"పని ఇయ్యలేదన్నా" అంది నన్ను గుర్తుపట్టి. "ఇచ్చెదాక ఈడనే కూసుంట."

అటుగా మట్టితట్టతో వచ్చిన ఒక లావుపాటి ఆమె, పేరు బాలమణి అట, "దొరసానమ్మా, కుర్సీ తెప్పియ్యాల్నా?" అంది. మిగతావాళ్ళు పకపకా నవ్వారు. అనసూయ కూడా కొంచెం నవ్వింది. కానీ లేవలేదు, తీయలేదు.

మేస్త్రీ పేరు నర్సింహ. కుర్రాడేం కాదు, కోపిష్టీ కాదు. నేను చూస్తుండగానే ఇంకోసారి వచ్చి అడిగాడు.

"అక్కా, మంచిగ చెప్తున్న. టోపి వెట్టుకుంటె మట్టితట్ట యాడ వెడ్తవ్?"

"సంకల వెట్టుకుంట."

"సంకల ఎన్ని తట్టలు మోస్తవ్?"

"నెత్తి మీద ఎన్ని మోస్తున్ననో అన్ని మోస్త. తక్కువయితె అప్పుడడుగు."

అతను తల కొట్టుకుంటూ రోడ్డు దాటి హోటల్లోకి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు చెప్పాను. మా ఊళ్ళో టీ గ్లాసులో వస్తే తాగి లేస్తాం. ఇక్కడ సాసర్లో పోసుకుని, చల్లారే లోపు లోకం సంగతులన్నీ మాట్లాడతారు. అతనే మొదలుపెట్టాడు.

"నాకేమన్న కోపమా అన్నా? పెద్దసారు దినాం జీపుల ఒస్తడు. ఆయన నెత్తి మీద గిసొంటి టోపే ఉంటది. గీమె గూడ వెట్టుకుంటె సారెవరో కూలోళ్ళెవరో ఎట్ల తెలుస్తది? మొన్న సూసి అడిగిండు, ఎవరామె, మీ సూపర్‌వైజరా అని. నా మొకం ఎట్ల అయి ఉంటది సెప్పు."

నవ్వు రాలేదు నాకు. అతను చెప్పింది నిజం. మా నాటకాల్లో దొరను గుర్తుపట్టడానికి ప్రేక్షకులకు ఇంతకన్నా వేరే ఆధారం మేమూ ఇవ్వం.

సాయంత్రం కూరలతో తిరిగి వస్తూ చూశాను. ఆమె ఇంకా బస్‌స్టాపులోనే ఉంది. ఆ పూట కూలి పోయింది.

బంద్ రోజు

మర్నాడు బంద్. బస్సుల్లేవు, దుకాణాల్లేవు, మొక్కల పనీ లేదు. చిల్కానగర్ నుంచి నాచారానికి నడిచే వెళ్ళాను. అంత పెద్ద రోడ్డు మీద కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. నా మాట విని ఒకడు "ఆంధ్రా మామా, ఫీల్డింగ్ చేస్తవా?" అన్నాడు. బంతి దొరికితే విసిరాను, అంతకన్నా గొడవేం జరగలేదు.

సత్తయ్య అన్నానికి ఉండమన్నాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. మా ఇళ్ళలో పులుసు అంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి అలాగే పోస్తారు. ఆ ఎండకు అంతకన్నా మంచి పదార్థం లేదని రెండోసారి పోయించుకున్నాక ఒప్పుకున్నాను.

తింటుండగా మాట మళ్ళీ టోపీ మీదికే వచ్చింది. రేపు కొంగు కప్పుకుని పొమ్మని సత్తయ్య, పోనని అనసూయ.

"నవ్వుతె నవ్వనియ్యి" అంది ఆమె. "నవ్వితె నొప్పి లేస్తదా?"

"నవ్వుతోనే అయిపోదు." సత్తయ్య రొట్టె పక్కన పెట్టాడు. ఈసారి ఆమెతో కాదు, నాతో చెప్పాడు. "అన్నా, మా తాత రుమాలు కడుతుండె. ఎర్ర అంచు రుమాలు, లగ్గంల పెట్టిన్రట. దొర గడీ ముంగట్నుంచి వోతె దాన్ని తీసి సంకల వెట్టుకోవాలె, చెప్పులు చేతుల వట్టుకోవాలె. ఒక్కనాడు ఎడ్లు బెదిరినయ్. వాటిని వట్టుకునే తొందరల రుమాలు తీసుడు మర్చిండు. గడీ ముంగట ఎండల పొద్దుగూకెదాక నిలవెట్టిన్రు. నెత్తి మీద బండ వెట్టిన్రు. మా నాయిన సిన్నపిలగాడు, సూసిండు. సచ్చెదాక మా నాయిన నెత్తికి ఏం సుట్టలేదు. వానకు గూడ."

అతను చెప్పిన దొర మా నాటకాల్లో తెల్లదొర కాదు, ఊరి భూస్వామి; గడీ ఆయన కోట. బయట కుర్రాళ్ళ అరుపులు వినిపించాయి, ఎవరో అవుటయినట్టున్నారు.

"గీ ముచ్చట నాకెన్నడు జెప్పలేదు" అంది అనసూయ.

"ఏం జెప్పాలె? సంబురమా?"

"మరి టోపీల పని ఎందుకు వట్టినవ్?"

"మిల్లు బందయింది. వేరె పని దొరకలే. మంది నెత్తికి కుడితె నాకేం ఫికర్?" తొక్కు గిన్నె ఆమె వైపు జరిపి, "నీ నెత్తి మీద సూస్తె మాత్రం బుగులయితది. ఎవడొచ్చి ఏమంటడో అని" అన్నాడు.

ఆమె అతని గిన్నెలో ఇంకొంచెం పులుసు పోసింది. పోస్తూ, "నీ బుగులు నాకు సమజయింది" అంది. "గాని పోయినేడు రోడ్డు మీద వడ్డది నేను. రేపు టోపి వెట్టుకునే వోత."

బాలమణి

బంద్ తీరిన రోజు ఎండ ఇంకా ముదిరింది. మర్నాడే మ్యాచ్. స్టేడియానికి పెద్దవాళ్ళు వస్తారని, మొక్కలు ఆలోగా నాటి నీళ్ళు పోసెయ్యాలని మేస్త్రీకి పైనుంచి తొందర. నా టోపీల సంగతి కనుక్కుందామని బయల్దేరినవాణ్ణి, నిజం చెప్పాలంటే, దారి మళ్ళించుకుని ఉప్పల్‌కే వెళ్ళాను.

అనసూయ ఆ రోజూ బస్‌స్టాపులోనే ఉంది, టోపీతో. ఆడవాళ్ళు నవ్వడం మానేశారు. నవ్వే ఓపిక లేదు. పన్నెండు దాటాక, ట్యాంకర్ పైపు పట్టుకున్న బాలమణి ఉన్నట్టుండి పైపు వదిలేసింది. నీళ్ళు రోడ్డు మీదికి కొట్టాయి. పైపు కోసం వంగింది, వంగినది అలాగే పక్కకు ఒరిగింది. పోతున్న ఆటో గట్టిగా బ్రేకు వేసింది.

అందరికన్నా ముందు పరుగెత్తింది అనసూయ. ఇద్దరు ముగ్గురం కలిసి బాలమణిని బస్‌స్టాపు నీడకు చేర్చాం. ముఖం కందిపోయింది, ఒళ్ళు పొయ్యి మీది పెనంలా ఉంది. అనసూయ పైపు లాక్కొచ్చి ఆమె నెత్తి మీద, మెడ మీద నీళ్ళు పోసింది. టోపీ తీసి విసరడం మొదలుపెట్టింది. కళ్ళు తెరిచేదాకా విసురుతూనే ఉంది. నేను ఉప్పు, నిమ్మకాయ వేసి కలిపిన నీళ్ళు తెచ్చాను. నేను చేసింది అంతే.

బాలమణి లేచి కూర్చుంది. మిగతావాళ్ళూ పని వదిలి వచ్చి ఆ నీడలోనే చుట్టూ చేరారు. మేస్త్రీ "అక్కా, దవాఖానకు వోదామా?" అన్నాడు. వద్దంది. "మరి మీరు లేవున్రి, ఇంక సగం గుంతలు ఉన్నయ్" అన్నాడు మిగతావాళ్ళతో.

ఎవరూ లేవలేదు. ఎవరూ ముందుగా అనుకున్నది కాదు. అక్కడ నీడ ఉంది, వాళ్ళు నీడలో ఉన్నారు, అంతే. అతను రెండోసారి అడిగాడు. అప్పుడు బాలమణే, తడి కొంగు పిండుకుంటూ అంది:

"అనసూయను రానియ్యి. టోపితోని రానియ్యి. ఆమె ఒస్తె మేం ఒస్తం."

"సారడిగితె ఏం జెప్పాలె?"

"నెత్తి ఆమెది అని జెప్పు."

మేస్త్రీ ఫోను తీసి దూరంగా వెళ్ళాడు. కంట్రాక్టరుతో మాట్లాడినట్టున్నాడు, మధ్యమధ్య ఆకాశం వైపు చెయ్యి చూపించాడు, ఎండను ఫోనులో చూపిస్తున్నట్టు. తిరిగి వచ్చి, "ఏమన్న వెట్టుకోన్రి. బుట్టలు వెట్టుకోన్రి. రేపటికి మొక్కలు నిలవడాలె, అంతే" అన్నాడు.

అనసూయ టోపీ దులిపి పెట్టుకుని డివైడర్ మీదికి నడిచింది. మట్టితట్ట నడుమున పెట్టుకుంది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచారు. లారీ గాలికి ఆమె టోపీ రెండుసార్లు ఎగిరింది. మగవాళ్ళ తలకు కుట్టిన టోపీ, కొప్పు మీద సరిగా కూర్చోదు. రెండోసారి రోడ్డు మధ్యలోంచి నేనే ఏరి ఇచ్చాను.

స్టేడియం దగ్గర

మ్యాచ్ రోజే నాకూ టోపీలు ఇస్తానన్నాడు సత్తయ్య, ఇవ్వలేదు. షెడ్డుకు వెళితే నా టోపీలకు ఇంకా గంజి కూడా పట్టించలేదు. "ఒక్కరోజు ఆగున్రి అన్నా, వేరె అర్జంటు పని వడ్డది" అన్నాడు. ఏం పనో చెప్పలేదు. మ్యాచ్ సరుకేమో అనుకున్నాను. తిరుగు టికెట్ మార్చుకోవలసి వచ్చింది. బావగారు, "చెప్పానా, పెట్టాడు టోపీ" అన్నారు.

సాయంత్రం స్టేడియం వైపు ఊరికే నడిచాను. ఉప్పల్ అంతా జనం. ముఖాలకు రంగులు, చేతుల్లో జెండాలు. సత్తయ్య కుట్టిన టోపీలు కర్రలకు గుత్తులుగా వేలాడదీసి అమ్ముతున్నారు. షెడ్డులో చూసిన సరుకే, ఒక రంగు రిబ్బను చుట్టేసరికి ధర పెరిగింది. కంప్యూటరు ఉద్యోగాల కుర్రాళ్ళు, కాలేజీ అమ్మాయిలు బేరమాడకుండా కొని పెట్టుకుని, ఫోన్లు ఎత్తిపట్టి ఫోటోలు తీసుకుంటున్నారు. అంచును కొందరు వెనక్కి వంచారు, కొందరు కంటి మీదికి దించారు. అందరికీ బాగానే ఉంది. ఒక అమ్మాయిని ఆపి, "ఎందుకమ్మా కొన్నావు?" అని అడిగాను.

"స్టయిల్‌గా ఉంటుంది అంకుల్" అంది. చక్కటి జవాబు. అప్పటికి పొద్దు వాలింది. ఆట దీపాల వెలుగులో. ఎండ ఎక్కడా లేదు.

మళ్ళీ ఉప్పల్ రోడ్డు

పొద్దున సంచీ సర్దుకుని షెడ్డుకు వెళ్ళాను. నా టోపీలు కట్టకట్టి సిద్ధంగా ఉన్నాయి. మంచి దొరలు వేరే, బద్మాష్ దొరలు వేరే. సత్తయ్య మాత్రం షెడ్డుకు తాళం వేస్తున్నాడు. భుజాన ఒక గోనెసంచి.

"ఉప్పల్ దాక వోతున్న. రైలుకు వోయేది ఉంటె నా బండి మీద కూసో, ఆడ బస్సెక్కొచ్చు" అన్నాడు.

మోపెడ్ మీద మధ్యలో నా టోపీల కట్ట, ఒళ్ళో అతని సంచి. రింగురోడ్డు దగ్గర నిన్నటి టోపీలు రోడ్డు మీద అక్కడక్కడా పడి ఉన్నాయి. కొన్ని చక్రాల కింద నలిగి చాపముక్కల్లా అయ్యాయి. సత్తయ్య వాటిని తప్పించుకుంటూ బండి నడిపాడు.

స్టేడియం వైపు మొక్కలు అయిపోయి, మిగతా డివైడర్ మీద పని మొదలైంది. అనసూయ మోచేతుల దాకా బురదతో ఒక మొక్క మొదట్లో మట్టి నొక్కుతోంది. సత్తయ్య బండి పక్కన ఆపి, గోనెసంచి విప్పి, ఒక టోపీ తీశాడు. అప్పుడు తెలిసింది నా సరుకు ఎందుకు ఆగిందో. అంచు మామూలు కన్నా వెడల్పు. వెనక, కొప్పు బయటికి రావడానికి వీలుగా పట్టీని చీల్చి, మడిచి కుట్టాడు. రెండు పక్కలా గుడ్డ నాడాలు. సంచిలో అలాంటివే మరికొన్ని ఉన్నాయి.

లారీలు ఆగేదాకా ఆగి రోడ్డు దాటాడు. నేను ఇవతలే నిలబడ్డాను. అయినా వినిపించింది.

"వెట్టుకో" అన్నాడు.

"చేతులు సూడు ఎట్లున్నయో" అంది ఆమె.

అతను ఒకసారి అటూ ఇటూ చూశాడు. సిగ్నల్ దగ్గర బస్సు నిండా జనం. ఆటోలు. మోటారు సైకిళ్ళ మీద ఆఫీసుకు పోయేవాళ్ళు. హోటల్ ముందు చాయ్ తాగుతున్న మేస్త్రీ. అందరూ ఇటే చూస్తున్నట్టు ఉంది. కొందరు నిజంగానే చూస్తున్నారు. ఎవరో ఈల వేశారు.

అనసూయ మోకాళ్ళ మీదే ఉండి తల వంచింది. సత్తయ్య పాత టోపీ తీసి పక్కన పెట్టి, కొత్తది ఆమె నెత్తిన పెట్టాడు. కొప్పును జాగ్రత్తగా వెనక చీలికలోంచి బయటికి లాగాడు. గడ్డం కింద నాడాలు ముడివేశాడు.

"కండ్లకు అడ్డం ఒస్తున్నదా?"

"లేదు."

"బిగుసుకున్నదా?"

"జర."

పచ్చ సిగ్నల్ పడింది. వెనక బస్సు హారన్ కొట్టింది, దాని వెనక ఇంకొకటి. సత్తయ్య తిరిగి చూడలేదు. ముడి విప్పి, నింపాదిగా మళ్ళీ కట్టాడు.